చిలక్కి పెట్టిన వంక

పాత బండి కొనదలచిన బెజవాడ మనిషి ముందు కొండెక్కి దుర్గమ్మకు దండం పెట్టుకునేవాడు, తరవాత కొండ దిగి హనుమయ్య దగ్గరికి వచ్చేవాడు. అమ్మవారు ఏమన్నదో ఎవరికీ తెలిసేది కాదు గాని, హనుమయ్య ఏమన్నాడో సాయంత్రానికల్లా ఆటోనగర్ అంతా తెలిసిపోయేది. బండి చుట్టూ ఒకసారి తిరిగి, ఇంజను ఆడించమనేవాడు. పొడుగాటి స్క్రూడ్రైవరు కొనను ఇంజను మీద ఆనించి, దాని కర్రపిడిని చెవికి నొక్కుకుని కళ్లు మూసుకునేవాడు. ఆ కాస్సేపూ పక్కన ఎవడైనా దగ్గినా ఊరుకునేవాడు కాదు. కళ్లు తెరిచాక రెండు మాటల్లో ఏదో ఒకటి చెప్పేవాడు. "తీసుకోండి" లేకపోతే "వద్దు". పాతికేళ్లలో ఆ మాట తప్పిందన్నవాడు లేడు. అమ్మేవాడు చాటుగా పిలిచి జేబులో ఏదన్నా కుక్కబోతే, ఆ చేతిని అలాగే పట్టుకుని నలుగురిలోకీ లాక్కొచ్చేవాడు. మంచివాడే గాని, మర్యాద మాత్రం కొంచెం తక్కువ.

ఊరందరికీ బండ్లు ఎంచి పెట్టిన ఈ మనిషికి సొంత బండి లేదు. పటమటలో ఇంటి నుంచి షెడ్డుకు సైకిలు మీద పోయేవాడు, దానికి బెల్లు కూడా ఉండేది కాదు. ఎవరన్నా వేళాకోళం చేస్తే, "నాకు కావలసిన బండి లోకంలో ఒకటే ఉందయ్యా, వాళ్లు దాన్ని అమ్మరు" అనేవాడు. అది హాస్యమనుకుని అందరూ నవ్వేవారు. భార్య బుల్లెమ్మ ఒక్కతే నవ్వేది కాదు, ఆవిడకు ఆ బండి సంగతి తెలుసు.

ఆ బండి పేరు చిలక. ఎవరో దొర తన దేశానికి వెళ్లిపోతూ మద్రాసులో అమ్మేస్తే, మైలవరం అవతల మామిడితోటల ఆసామి ఒకాయన కొనుక్కొచ్చాడు. ఊళ్లో ఆయన్ను పెద్దాయన అనేవారు. రెండే సీట్లు, నేలకు జానెడు ఎత్తున కూర్చునే కారు, పైన టాపు లేదు, ఆకుపచ్చ రంగు, ముక్కు దగ్గర ఎర్ర గీత. పిల్లలు చిలక అని అరుస్తూ వెంటపడితే పెద్దాయన కూడా ఆ పేరే ఖాయం చేసేశాడు. నలభై తొమ్మిదిలో అది ఆగిపోతే గవర్నరుపేటలో హనుమయ్య పనిచేస్తున్న షెడ్డుకు ఎడ్లబండికి కట్టి లాక్కొచ్చారు. పెద్ద మేస్త్రి చేతులెత్తేశాడు. ఇరవై ఏడేళ్ల హనుమయ్య నాలుగు రోజులు దాని కిందే పడుకుని లేపాడు.

పెద్దాయన నమ్మలేదు. "ఎక్కు, నీ పనితనం చూద్దాం" అని పక్కన కూర్చోబెట్టుకుని బందరు రోడ్డు పట్టించాడు. కాలవ గట్టున పడవలు, చెరుకు తోటలు వెనక్కి పోతుంటే కంకిపాడు దాకా పోయి, అక్కడ కాఫీ తాగి, తాళంచెవి హనుమయ్య చేతిలో పెట్టాడు. "వెనక్కి నువ్వు తోలు" అన్నాడు. కంకిపాడు నుంచి పటమట దాకా హనుమయ్య చిలకను తోలాడు. ఆ మనిషి జీవితంలో తనకోసం జరిగింది ఏదైనా ఉందంటే అంతే. తరవాత వందల ఇంజన్ల చప్పుడు విన్నాడు, అన్నీ బరువు మోసే గొంతులే. మూడో గేరులో చిలక పాడిన పాట మళ్లీ ఏ ఇంజనులోనూ వినపడలేదు.

పెట్రోలు ధర ఒక్కసారిగా నెత్తికెక్కిన మరుసటి వేసవిలో, అంటే డెబ్బై నాలుగులో, పెద్దాయన కొడుకు వెంకటకృష్ణారావు నుంచి కబురొచ్చింది. తండ్రి పోయి అప్పటికి ఆరేళ్లు. కారు కొట్టం ఎరువుల బస్తాలకు కావాలి, చిలకను వదిలించుకుందామనుకుంటున్నాం, నువ్వొకసారి వచ్చి చూసి చెప్పమని ఆ కబురు.

అప్పుడు హనుమయ్యకు యాభై రెండు. చేతులు బాగానే ఉన్నాయి గాని చెవులే పోతున్నాయి. ముప్పై ఏళ్లు రేకులు బాదే చప్పుడులో బతికినవాడికి అది మామూలే. రెండేళ్ల కిందట కుడి చెవి మందగిస్తే స్క్రూడ్రైవరును ఎడమ చెవికి మార్చాడు. ఎడమది కూడా మూడు నాలుగేళ్ల కంటే ఎక్కువ రాదని డాక్టరు చెప్పాడు. ఈ సంగతి బుల్లెమ్మకు తప్ప ఇంకెవరికీ తెలియదు. కబురు విన్న రోజున హనుమయ్య అన్నం ముందు కూర్చుని, "చెవి ఉండగానే ఒక్కసారి వినాలే, ఆ పైన ఏమైపోయినా సరే" అన్నాడు. బుల్లెమ్మ చారు పోస్తూ, "ముందు వెళ్లి చూసి రా" అంది.

మైలవరం బస్సు దిగి మూడు మైళ్లు నడిచి వెళ్లాడు. కొట్టం తలుపులు తీయగానే ఎలకల కంపు కొట్టింది. చిలక ఉంది గాని చిలకలా లేదు. అడుగు చెక్కను చెదలు తినేశాయి. టైర్లు రాయిలా బిగుసుకుపోయాయి. పెట్రోలు టాంకులో అరచేతి మందాన తుప్పు. బ్రేకు తొక్కితే ఊరికే నేలకు పోయింది. రెండో గేరు పడినట్టే పడి జారిపోతున్నది. వీటిలో ఒక్కటి కూడా హనుమయ్యను భయపెట్టలేదు. చెక్క కొట్టుకోవచ్చు, టాంకు కడుక్కోవచ్చు, గేరు పళ్లు లేతుమిషను మీద కోసుకోవచ్చు.

టాంకు విప్పి పక్కన పెట్టాడు. డబ్బాలో పెట్రోలు పోసి గొట్టం కలిపి, ట్రాక్టరు బాటరీ తెప్పించి, హాండిలు పెట్టి తిప్పాడు. పదిహేనోసారో ఎన్నోసారో చిలక దగ్గింది, తరవాత అందుకుంది. వెంకటకృష్ణారావు చిన్నపిల్లాడిలా చప్పట్లు కొట్టాడు. హనుమయ్య స్క్రూడ్రైవరు ఎడమ చెవికి ఆనించుకున్నాడు. లోపల ఏదో చీదుతున్నట్టుంది. వెనక గొట్టంలోంచి తెల్లటి పొగ వస్తున్నది. ఆపించి, ఆయిలు చూసే పుల్ల పైకి లాగాడు. దాని మీద ఆయిలు మజ్జిగలా తెల్లగా ఉంది. ఇంజనులో నీళ్లు కలుస్తున్నాయి.

దానికి రెండే కారణాలుంటాయి. ఇంజను పైభాగాన్ని హెడ్డు అంటారు, దానికీ కింది దిమ్మకూ మధ్య రాగిరేకు పొర ఒకటి ఉంటుంది. ఆ పొర కాలిపోయి ఉంటే అది ఒక పూట పని, హనుమయ్య కత్తెరతో రేకు కోసి తయారుచేసుకోగలడు. అలాకాక పోతపోసిన హెడ్డే పగిలి ఉంటే ఇక చేసేదేమీ లేదు. ఈ దేశంలో అలాంటిది ఇంకొకటి దొరకదు, అతుకు పెడితే నిలవదు. రెండిటిలో ఏదో విప్పి చూస్తే గాని తెలియదు. ఒకప్పటి చెవి అయితే చెప్పేసేదేమో. ఆ రోజు హనుమయ్యకు చీదుతున్నది ఇంజనో తన చెవో కూడా నమ్మకంగా తెలియలేదు.

వెంకటకృష్ణారావు దగ్గరికొచ్చాడు. "నిజం చెప్పు హనుమయ్యా. ఇది మళ్లీ లేస్తుందా?"

ఇక్కడ హనుమయ్య తండ్రి గురించి ఒక మాట చెప్పాలి. ఆయన పశువుల సంతలో దళారి. బేరాలు తువ్వాలు కింద వేళ్లు పట్టుకుని చేసేవాడు, పక్కవాడికి ధర తెలిసేది కాదు. తువ్వాలు దాకా రావాలంటే ముందు వంక పెట్టాలి. నచ్చిన గిత్త కనిపిస్తే దాని ముందు నిలబడి, నడుం వంగిందనీ, సుడి మంచిది కాదనీ, ఏడాది బతికితే గొప్పనీ అనాలి. అమ్మేవాడు మండిపడి, "నీ కళ్లు కాకులు పొడిచినయ్యా? దీని గిట్టలు చూడు, దీని ఛాతీ చూడు" అని ఎదురు తగులుకోవాలి. అలా తిట్టుకున్నాకే తువ్వాలు తీస్తారు. నచ్చిందని ముందే అన్నవాణ్ణి సంతలో వెర్రివాడి కింద జమకడతారు. ఈ విద్య హనుమయ్యకు ఎవరూ నేర్పలేదు, తండ్రి వెనక నిలబడి చూస్తే ఒంటికి పట్టింది. ఊళ్లోవాళ్లకు బండ్లు ఎంచేటప్పుడు దాంతో పనిపడలేదు. ఎందుకంటే ఏ బండీ ఆయనకు కావలసింది కాదు.

ఇది కావాలి. అందుకని మేస్త్రి నోరు మూసుకున్నాడు, దళారి కొడుకు నోరు తెరిచాడు.

"హెడ్డు పగిలిపోయిందండి బాబుగారూ. ఇంక ఇది ఇనుము కిందే లెక్క."

అని, భుజం మీది తువ్వాలు రెండో భుజం మీదికి మార్చుకున్నాడు. సంతలో దానర్థం ఇక నీ వంతు అని. ఇప్పుడు అమ్మేవాడు కోప్పడాలి. ఇందాక ఆడింది కనపడలేదా అని అడగాలి. పోనీ నువ్వెంతకు తీసుకుంటావో చెప్పు అనాలి. వెంకటకృష్ణారావు అవేమీ అనలేదు. ఆయన లా చదువుకుని వచ్చి తోటలు చూసుకుంటున్న మనిషి, సంత మొహం ఎరుగడు. చిలక ముక్కు మీది దుమ్మును చేత్తో తుడిచి, కళ్లజోడు తీసి అదే చేత్తో కళ్లు తుడుచుకున్నాడు. మొహమంతా దుమ్మయింది.

హనుమయ్య కాసేపు ఎదురుచూశాడు. ఆ నిమిషంలో "ఉండండి, విప్పి చూద్దాం" అంటే సరిపోయేది. అనలేదు. విప్పుదామంటే కోరిక బయటపడుతుందని భయం. పైగా కొనాలో వద్దో తనకే ఇంకా తెగలేదు. "ఎవరన్నా తీసుకుంటారేమో చూసి చెబుతానండి" అని బస్సు వేళకు బయలుదేరాడు.

అప్పుడు మూఢం నడుస్తున్నది, పోవడానికి ఇంకా పన్నెండు రోజులుంది. మూఢంలో తండ్రి గడ్డిమోపు కూడా కొనేవాడు కాదు, కొడుక్కీ అదే అలవాటు. పైగా బేరానికి తొందర పనికిరాదు, ఆరేళ్లుగా కొట్టంలో ఉన్న బండి పన్నెండు రోజుల్లో ఎక్కడికి ఎగిరిపోతుంది? ఆలస్యం అమృతం విషం అన్న సామెత హనుమయ్యకు తెలియక కాదు. సామెతలు మనకు ఎదుటివాళ్ల విషయంలోనే గుర్తొస్తాయి.

ఆ పన్నెండు రోజులూ కొనాలా వద్దా అని తనలో తాను కొట్టుకున్నాడు. పొద్దున సైకిలెక్కేటప్పుడు కొనేద్దామని ఉండేది, షెడ్డు చేరేసరికి హెడ్డు నిజంగానే పగిలి ఉంటే అన్న ఆలోచన వచ్చేది. బతుకంతా మందికి ఆచితూచి చెప్పినవాడు ముసలితనంలో చచ్చిన బండి కొన్నాడని ఊరు నవ్వదా? బుల్లెమ్మ గేదెపాలు అమ్మి కూడబెట్టిన దానికి కూడా ఎసరు పెట్టాలి కదా? ఒకరోజు చెక్క ముక్క మీద చిలక అడుగుభాగం కొలతలు గీసుకున్నాడు, మర్నాడు ఆ గీతలు చిత్రిక పట్టి తీసేశాడు. కూచుని కూచుని ఒక రాగిరేకు కూడా కొనుక్కొచ్చి మంచం కింద పెట్టాడు.

అది బుల్లెమ్మకు ఊడ్చేటప్పుడు దొరికింది. ఆవిడకు కార్ల గురించి ఏమీ తెలియదు, గేదెల గురించి మాత్రం అన్నీ తెలుసు. రేకు తెచ్చి మొగుడి ముందు పెట్టింది.

"నీకు వినపడని రోజు వచ్చాక నా మాటే నీకు వినపడదు. ఆ కారు పాట ఒక్కటి విని, ఆ తరవాత నా మాట వినపడకపోయినా నేనేమీ అనుకోను. ఆడకపోతే గేదెల పాకలో పెట్టుకుందాం. వెళ్లి తెచ్చుకో."

ముప్పై ఏళ్ల కాపురంలో తాను ఆవిడకు ఒక్క మంచిమాట చెప్పలేదని అప్పుడు హనుమయ్యకు గుర్తొచ్చింది. అప్పుడు కూడా చెప్పలేదు గాని, మర్నాడు బజారుకు పోయి బేరానికి కొత్త తువ్వాలు కొనుక్కున్నాడు.

మూఢం పోయిన మర్నాడు తెల్లవారుతూనే బస్సెక్కాడు. దారి పొడుగునా వెంకటకృష్ణారావు ఏమంటే తాను ఏమనాలో వల్లించుకున్నాడు. ఇంకా వంక పెట్టాలనే అనుకున్నాడు. కొట్టం దగ్గరికి వెళ్లేసరికి తలుపులు బార్లా తీసి ఉన్నాయి, నేలంతా సున్నం కొట్టి ఉంది, గోడవారన ఎరువుల బస్తాలు వరుసగా పేర్చి ఉన్నాయి.

వెంకటకృష్ణారావు ఎదురొచ్చి కుర్చీ వేయించాడు. హనుమయ్య కూర్చోలేదు.

"నువ్వు ఎవరికన్నా చెబుతానన్నావు. ఆ రాత్రంతా ఆలోచించాను హనుమయ్యా. పగిలిందని తెలిసి ఇంకొకడికి అంటగడితే నాన్నగారి పేరుకే మచ్చ. నీకు ఆ బండి మీద మమకారమని కూడా తెలుసు, అడిగితే నువ్వే తీసుకునేవాడివి. చచ్చిన సరుకు నీకు అమ్మితే నాకు పాపం కాదూ? అందుకే భవానీపురం నుంచి పాత ఇనుము శౌరయ్యను పిలిపించి తూకానికి ఇచ్చేశాను. వారమైంది."

హనుమయ్యకు ఒక్కటే మాట నోటికొచ్చింది. "మంచి పని చేశారండి" అన్నాడు.

తిరుగు బస్సు భవానీపురం మీదుగానే వస్తుంది. దిగి శౌరయ్య కొట్టుకు వెళ్లాడు. వెళ్లి ఏం చేద్దామనుకున్నాడో అతనికే తెలియదు, చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టు. శౌరయ్య కూడా ఆటోనగర్ మనుషుల్ని ఎరిగినవాడే, మేస్త్రిగారొచ్చారని లేచి నిలబడ్డాడు. మామూలుగా అయితే అలాంటి కారును ముక్కలు చేసేముందు ఎవరికైనా చూపించేవాణ్ణని చెప్పాడు. "మీరే పనికిరాదన్నారని రావుగారు చెప్పారండి. మీ మాట మీద ఇంక రెండో మాట ఏముంటది? వచ్చిన రోజునే పగలగొట్టిచ్చేశాను" అన్నాడు. మర్యాద కోసమే అన్నాడు పాపం.

బండి ఒంటి రేకంతా వేరే చోటికి వెళ్లిపోయింది. పోత ఇనుము ఇంకా కుప్పలోనే ఉంది. హనుమయ్య కొత్త తువ్వాలు నడుముకు చుట్టుకుని, కుప్పలో వెతికి, చిలక హెడ్డు ముక్కలు ఏడూ ఏరి తెచ్చుకుని నేల మీద పరిచాడు. పోత ఇనుములో పాత పగులు ఉంటే అక్కడ మసి పట్టి నల్లటి గీత ఉంటుంది, నీళ్లు తాకితే లోపల పాత తుప్పు ఉంటుంది. సుత్తి దెబ్బకు కొత్తగా విరిగినచోట మాత్రం చక్కెర పలుకుల్లా మెరుస్తుంది. హనుమయ్య ఏడు ముక్కల అంచులూ వేలితో తడిమి చూశాడు, ఎండలోకి తీసుకెళ్లి చూశాడు. వారం గాలికి పైపైన పల్చగా రంగు మారింది తప్ప, అన్ని అంచులూ మెరుస్తున్నాయి. ఎక్కడా నల్లగీత లేదు.

ఒక ముక్కకు రాగిపొర తునక అంటుకుని ఉంది. రెండు సిలిండర్ల మధ్య అది చిటికెన వేలంత మేర కాలిపోయి ఉంది. అదీ చిలక జబ్బు.

హనుమయ్య ఆ ముక్కల మధ్యనే గొంతుక్కూర్చుని ఏడ్చాడు. కూలీలు చూస్తున్నారని కూడా చూసుకోలేదు. శౌరయ్య ఏదో ఆప్తులు పోయారనుకుని మంచినీళ్లు తెప్పించాడు. ఏమైంది మేస్త్రిగారూ అని అడిగితే, "దీంట్లో పగులు లేదు" అన్నాడు. ఏడు ముక్కలుగా పడి ఉన్న ఇనుము ముందు కూర్చుని ఆ మాట అంటే శౌరయ్యకు ఏమర్థమవుతుంది?

ఇంటికొచ్చి బుల్లెమ్మకు ఉన్నదున్నట్టు చెప్పాడు. ఆవిడ రాగిరేకు తీసి అటక మీద పడేసింది.

కథ అక్కడితో ఆగినా బాగుండేది. పది రోజుల తరవాత వెంకటకృష్ణారావు స్వయంగా బుట్టెడు రసాలు మనిషి నెత్తిన పెట్టించుకుని ఆటోనగర్ షెడ్డుకు వచ్చాడు. అందరూ పనులాపి చూస్తుండగా హనుమయ్య చేతులు పట్టుకుని, వాళ్ల వైపు తిరిగి, "తన ఇష్టం కూడా పక్కన పెట్టి నాకు నిజం చెప్పాడు. ఇలాంటి మనిషి ఈ జిల్లాలో ఇంకొకడుండడు" అన్నాడు. ఆ మాట ఊరంతా పాకింది. బండ్లు చూపించేవాళ్లు రెట్టింపయ్యారు. హనుమయ్య మాత్రం ఆ రోజు నుంచీ ఏ బండినీ చూడనన్నాడు. చెవి బాగాలేదన్నాడు. అది నిజమే కాబట్టి ఎవరూ గుచ్చి అడగలేదు. రెండు మాటలు చెప్పే మనిషి నట్లు బిగించుకుంటూ ఒక మూల కూర్చుండిపోయాడు.

బుట్ట మాత్రం ప్రతి వేసవీ వస్తూనే ఉంది. నాలుగో ఏట ఎడమ చెవి కూడా దాదాపు పోయింది. ఆ ఏడు బుట్ట దించాక బుల్లెమ్మ ఆయన చెవి దగ్గర నోరు పెట్టి, గట్టిగా, ఒకే ఒక్కసారి అడిగింది.

"పోయి ఆయనకు నిజం చెప్పి రారాదా?"

హనుమయ్యకు వినపడింది. "చెబితే తండ్రి బండిని ఊరికే పగలగొట్టించుకున్నానని ఆయన చచ్చేదాకా కుములుతాడు. ఈ ఏడుపు ఒకడికి చాల్లేవే" అన్నాడు.

పళ్లు వాడకట్టంతా పంచినా ఇంకా మిగిలేవి. హనుమయ్య ఒక్కటి కూడా ముట్టేవాడు కాదు. పది రోజులపాటు ఇల్లంతా రసాల వాసన కొట్టేది. చెవులు పోయినవాడికి ముక్కు బాగానే పనిచేస్తుంది గనక, ఆ పది రోజులూ ఆయన షెడ్డులోనే పడుకునేవాడు.